సర్వర్ డౌన్ అనేముందు ఆ మూలన తేదీ చూడండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న మీ జిల్లా పేజీలో సర్వర్లు మొరాయించాయని, ముసలివాళ్లు పొద్దుటి నుంచి మెట్ల మీద పడిగాపులు కాశారని వార్త వేశారు. ఆ వార్త తప్పని నేను అనడం లేదు. అన్నవరానికీ తునికీ మధ్య రోడ్డు పక్కన పదకొండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను, సర్వర్ డౌన్ అనే మాట రోజుకు నాలుగుసార్లు నా నోటి నుంచే వస్తుంది. కానీ అన్న ప్రతిసారీ అది నిజం కాదండి. ఒక్కోసారి సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, మన కంప్యూటరే మొన్నటి రోజులోనో, ఏ 2012లోనో కూర్చుని ఉంటుంది. స్క్రీన్ మీద కింద కుడిచేతి మూలన టైమూ తేదీ ఉంటాయి కదా, అటు ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

పోయిన నవంబర్లో జరిగింది చెప్తాను. తప్పు నాదే కాబట్టి మొహమాటం లేకుండా చెప్పొచ్చు. నవంబర్ అంటే మాకు పెన్షనర్ల నెల. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుందని కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో రిటైరైనవాళ్లు, ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే మామ్మగార్లు షట్టర్ తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఒక సోమవారం ఎనభై దాటిన మామ్మగారు ఒకావిడ వచ్చారు, మనవడు బండి మీద దింపేసి వెళ్లిపోయాడు. బొటనవేలు పెట్టించాను, 561 అని ఎర్రర్. చూపుడువేలు పెట్టించాను, 561. చెయ్యి మార్చాం, మళ్లీ 561. "వేళ్లు అరిగిపోయినట్టున్నాయి మామ్మగారూ, ఒకసారి కడుక్కుని రండి" అన్నాను. ఆవిడ పక్కన టీ కొట్టు దగ్గరకు వెళ్లి కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "ఏభై ఏళ్లు అంట్లు తోమిన చేతులు బాబూ, ఇంకా గీతలేం మిగుల్తాయి" అని నవ్వారు. మళ్లీ అదే నంబరు. సర్వర్ డౌన్ అండి, రేపు రండి అని పంపించేశాను. మర్నాడు వస్తే మొదటి వేలికే అయిపోయింది. నయం, సర్వర్ బాగుపడింది అనుకున్నాను.

తర్వాతి సోమవారం ఒక పెద్దాయనకి అదే 561. ఆ పై సోమవారం ఇంకొకరికి. అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు, ఈ సర్వర్‌కి సోమవారం మీదే ఎందుకింత పగ అని. టైం చూశాను. గోడ గడియారంలో 9:05, స్క్రీన్ మీద కూడా 9:05. కరెక్టే కదా! నా టాస్క్‌బార్ చిన్నది చేసి పెట్టుకున్నాను, అందులో తేదీ కనపడదు, టైం ఒక్కటే ఉంటుంది. ఊరికే మౌస్ దాని మీదకు తీసుకెళ్లాను. శనివారం అని చూపించింది. అప్పుడు చూస్తే 9:05 పక్కన పీఎం అని ఉంది. నేను శనివారం రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేటప్పుడు మెయిన్ స్విచ్ దించేసి పోతాను, ఆదివారం సెలవు, సోమవారం పొద్దున తొమ్మిదికి తీస్తాను. సరిగ్గా 36 గంటలు. కరెంటు పోయిన క్షణంలో ఆ గడియారం ఆగిపోయి, కరెంటు వచ్చిన క్షణంలో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది. అందుకే ముల్లు సరిపోయింది, రోజు సరిపోలేదు.

561 అంటే వేలిముద్ర కలవలేదని కానే కాదు. ఆధార్ ఎర్రర్ల పట్టికలో దాని అర్థం, పంపిన రిక్వెస్ట్ మీద ఉన్న టైం పాతబడిపోయింది అని. దాని పక్కనే 562 ఉంది, అది తిరగేసి, టైం ఇంకా రాని కాలంలో ఉందని. వేలిముద్ర సరిపోకపోతే వచ్చే నంబరు 300, అది వేరే. అంటే మామ్మగారి వేళ్ల గీతలు చక్కగానే ఉన్నాయి, నేనే ఆవిడ చేత చన్నీళ్లలో చేతులు కడిగించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మరి సోమవారమే ఎందుకు, రోజూ రాత్రి మెయిన్ దించుతాను కదా అని మీకు అనుమానం రావాలి, నాకూ వచ్చింది. కంప్యూటర్‌కి రెండు గడియారాలు ఉంటాయండి. ఒకటి మదర్‌బోర్డు మీద ఉండే చిన్న చిప్పు, దాని పక్కన సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క, చేతి వాచీలో ఉండేదే. మెయిన్ దించినప్పుడు రూపాయి బిళ్లంత సెల్ ఒకటి దాన్ని బతికిస్తుంది. రెండోది విండోసో లినక్సో లేచాక నడిపే గడియారం. లేవగానే మొదటిదాన్ని అడిగి టైం తెచ్చుకుంటుంది, తర్వాత ఇంటర్నెట్‌లో టైం సర్వర్‌ని అడిగి సరిదిద్దుకుంటుంది. సెల్ వీకైతే మొదటి గడియారం నిద్రపోతుంది, కానీ ఇంటర్నెట్ ఉంటే రెండోది కవర్ చేసేస్తుంది, మనకు తెలియనే తెలియదు. మామూలు రోజుల్లో నాకు జరిగింది అదే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది, 12 గంటల తేడా, కాసేపటికి విండోసే దిద్దేసుకునేది.

36 గంటల తేడాని మాత్రం దిద్దదు. ఏ ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లోనూ లేని మామూలు విండోస్ కంప్యూటర్‌కి ఒక హద్దు పెట్టి ఉంటుంది, 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. సర్వర్ చెప్పే టైమూ మన టైమూ అంతకన్నా ఎక్కువ తేడాగా ఉంటే నేను మార్చను అని మొరాయిస్తుంది. విండోస్ రాసుకునే డైరీ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో టైం సర్వీస్ పేరు వెతికితే ఆ సంగతి సెకన్లతో సహా రాసి ఉంది, నెలల తరబడి రాస్తూనే ఉంది పాపం, చదివే నాథుడు లేడు. కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూ32టీఎం రీసింక్ (w32tm /resync) కొడితే కూడా 'రిక్వైర్డ్ టైం చేంజ్ వాజ్ టూ బిగ్' అని మొహం మీదే చెప్పింది. ఆ హద్దు పెట్టినవాళ్లను నేను తప్పు పట్టను, ఏ సర్వరో పిచ్చిపట్టి వచ్చే ఏడాది తేదీ చెప్తే గుడ్డిగా నమ్మకూడదు కదా. లినక్స్‌లో టైం దిద్దే పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ ఇంకా అనుమానపు మనిషి, 1000 సెకన్ల తేడా దాటిందంటే దండం పెట్టి మూసుకుపోతుంది, మొదటిసారికి మాత్రం పర్లేదు అని ముందే ఒక ఆప్షన్ ఇస్తే తప్ప.

ఇక సోమవారం సాయంత్రానికి అదంతట అదే ఎలా బాగుపడుతోంది? సాయంత్రం పూట మా దగ్గర జెరాక్స్ చూసుకునే కుర్రాడు ఉన్నాడు. బిల్లు మీద ఆదివారం తేదీ పడుతోందని వాడు ప్రతి సోమవారం చేత్తో తేదీ మార్చేస్తున్నాడు. నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదరా అంటే, "మీరు అడగలేదు కదండి" అన్నాడు. వాడిని ఏమనాలి చెప్పండి.

క్యాబినెట్ విప్పాను. లోపల దుమ్ము, రెండు బల్లి గుడ్డు పెంకులు, వాటి మధ్యలో ఆ సెల్. సన్న స్క్రూడ్రైవర్‌తో క్లిప్ పక్కకు నొక్కితే అదే పైకి ఎగిరింది. మల్టీమీటర్ పెడితే 2.1 వోల్టులు, కొత్తది 3 ఉండాలి. దాని పేరు సీఆర్2032, 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం, ఈ సంగతి తెలియక నేను ఇన్నాళ్లూ అదేదో మోడల్ నంబరు అనుకున్నాను. వాచీలు బాగుచేసే ఆయన దగ్గరకు వెళ్లి అడిగితే "కారు రిమోట్‌దాండీ?" అన్నారు, దాంట్లోనూ ఇదే పడుతుందట. నలభై రూపాయలు. ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి నొక్కి, విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్ బయోస్‌లోకి వెళ్లి తేదీ చేత్తో సరిచేసి, అప్పుడు విండోస్‌లో సింక్ నౌ కొట్టాను. ఆ వరస ముఖ్యం, ముందు తేదీ దగ్గరదగ్గరగా పెట్టాలి, తర్వాతే సింక్.

అంతటితో అయిపోయిందనుకుంటే కాదు. రెండో సిస్టమ్‌లో సెల్ కొత్తదే, అయినా పొద్దున ఆన్ చేయగానే సింక్ ఫెయిల్ అని లాగ్‌లో పడుతోంది. దీని కథ వేరు. ఆ మిషన్‌కి హార్డ్ డిస్క్ తీసేసి అంతకన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేశాను, ఇరవై సెకన్లలో లేచి కూర్చుంటుంది. మా ఫైబర్ మోడెమ్ మాత్రం కరెంటు వచ్చాక లైన్ కలిసిందని చూపించే పాన్ లైట్ మిణుకు మిణుకుమంటూ స్థిరపడటానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. అంటే ఇది వెళ్లి టైం అడిగే సరికి అవతల తలుపు తీసేవాళ్లే లేరు. సర్వర్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ కూడా ఇంకా లేవదు. ఒకసారి అడిగి, దొరక్క, మళ్లీ చాలాసేపటికి గానీ అడగదు. హార్డ్ డిస్క్ రోజుల్లో ఈ బాధ లేదు, కంప్యూటర్ లేచేలోపు మోడెమ్ ఎప్పుడో సిద్ధంగా ఉండేది. స్పీడ్ పెంచుకుని తెచ్చుకున్న తంటా ఇది.

దీనికి నేను చేసింది టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని పెట్టడం. స్టార్టప్ అయిన ఐదు నిమిషాలకు ముందు విండోస్ టైం సర్వీస్‌ని స్టార్ట్ చేయాలి, తర్వాత రీసింక్ కమాండ్ కొట్టాలి. మొదటిసారి రీసింక్ ఒక్కటే పెట్టాను, 'సర్వీస్ స్టార్ట్ కాలేదు' అని వచ్చింది, ఎందుకంటే ఇంట్లో వాడే కంప్యూటర్లలో ఆ సర్వీస్ ఎప్పుడూ నడుస్తూ ఉండదు, అవసరమైనప్పుడే లేచే రకం. ఆ టాస్క్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వడం మర్చిపోకండి, నేను మర్చిపోయి ఒక పూట పోగొట్టుకున్నాను. లినక్స్ వాడేవాళ్లు టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) అని కొట్టి 'సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్' దగ్గర యెస్ ఉందా నో ఉందా చూసుకుంటే చాలు. ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్న కుర్రాళ్లకు సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తే కంగారు పడొద్దు, సెల్ పోలేదు. చిప్పులో లినక్స్ గ్రీన్‌విచ్ టైం రాస్తుంది, విండోస్ దాన్ని మన టైం అనుకుని చదువుతుంది, అంతే. రెండిట్లో ఒకదాన్ని రెండోదాని దారికి తేవాలి.

సెల్ పూర్తిగా చచ్చిపోతే ఏమవుతుందో ఒక బడిలో చూశాను, ఊరు పేరు రాయను. వేసవి సెలవులు అయ్యాక జూన్‌లో ల్యాబ్ తెరిస్తే పది కంప్యూటర్లకు తొమ్మిది ఆన్ చేయగానే సీమాస్ ఎర్రర్ (అంటే బోర్డు మీది సెట్టింగులు, తేదీ పోయాయని), ఎఫ్1 నొక్కండి అంటున్నాయి. పిల్లలకు అది అలవాటైపోయింది, వాళ్ల దృష్టిలో ఎఫ్1 అంటే కంప్యూటర్ తాళంచెవి. నొక్కితే లోపల తేదీ 1 జనవరి 2012. ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. వైరస్ అండి, ఫార్మాట్ కొట్టించాలి అని అప్పటికే ఎవరో కొటేషన్ కూడా ఇచ్చారట. వెబ్‌సైట్ ప్రతిదానికీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. 2012లో ఉన్న కంప్యూటర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, కాబట్టి దొంగదని తోసేస్తుంది. బ్రౌజర్ నిజానికి మీ గడియారం వెనకబడింది అని చెప్తూనే ఉంది, కాకపోతే ఇంగ్లీషులో, ఎర్ర గుర్తు కింద. ఎర్ర గుర్తు చూశాక కింద అక్షరాలు ఎవరు చదువుతారండి? తొమ్మిది సెల్స్ మార్చాం, ఫార్మాట్ ఖర్చు తప్పింది.

ఈ గొడవ ముందు ముందు ఇంకా పెరుగుతుంది, అందుకే మీ పేపర్లో రావాలని నా ఆశ. 2020 సెప్టెంబర్ నుంచి 2026 మార్చి 14 దాకా ఆ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 398 రోజులు. దాన్ని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో 100కి, 2029 మార్చి కల్లా 47 రోజులకు తగ్గించాలని బ్రౌజర్ల కంపెనీలు, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించుకున్నారు. ఇదివరకు నెల వెనక ఉన్న కంప్యూటర్ కూడా ఏదో లాక్కొచ్చేది. 47 రోజులకొకసారి మారే సర్టిఫికెట్ల ముందు అది కుదరదు. ఫోన్లో వచ్చే ఆరంకెల అథెంటికేటర్ కోడ్ అయితే 30 సెకన్లకే మారిపోతుంది, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకొక రకం ఉంది, ఆఫీసుల్లో. అన్ని సైట్లూ వస్తాయి, టైం మాత్రం సింక్ అవ్వదు. నా మేనల్లుడు పనిచేసే చోట ఇదే గోల. టైం అడగడానికి కంప్యూటర్ యూడీపీ 123 అనే దారిలో వెళ్తుంది, ఫైర్‌వాల్ పెట్టినాయన సెక్యూరిటీ పేరుతో ఆ దారి మూసేశాడు, ఎందుకు మూశావంటే ఎవరూ వాడట్లేదు కదా అన్నాడట. మూసుకోండి, తప్పు లేదు, కానీ లోపల ఒక టైం సర్వర్ పెట్టి మిగతా కంప్యూటర్లన్నీ దాన్నే అడిగేలా చేయాలి కదా. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు అందరూ ప్రభుత్వ కంప్యూటర్ల పని చూసే ఎన్ఐసీ టైం సర్వర్‌తో గానీ, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్‌తో గానీ, వాటితో సరిపోలే సర్వర్లతో గానీ గడియారాలు కలుపుకోవాలని స్పష్టంగా ఉంది. మన దేశపు టైం లెక్క ఉంచేది ఆ లేబొరేటరీయే. నా సిస్టమ్స్‌లో నేను టైం డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ అని మార్చుకున్నాను, మామూలుగా ఉండే టైం డాట్ విండోస్ డాట్ కామ్ కూడా బాగానే పనిచేస్తుంది, అదేం తప్పు కాదు.

మధ్యలో ఒక తమాషా చెప్తాను. మన ఐఎస్‌టీకి లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. బళ్లో మీర్జాపూర్ దగ్గర అని చదువుకున్నాం. అదే గీత కిందకి దిగి మా వైపే వచ్చి సముద్రంలో కలుస్తుంది, అన్నవరం స్టేషన్ ఒక పక్క, తుని స్టేషన్ ఇంకో పక్క. విశాఖ వెళ్లే రైలు ఈ రెండు స్టేషన్ల మధ్య దాన్ని దాటుతుంది, కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. దేశం మొత్తం ఏ గీత చూసి టైం పెట్టుకుంటుందో ఆ గీత పక్కన కొట్టు పెట్టుకుని నేను సోమవారాన్ని శనివారం అనుకుంటూ కూర్చున్నాను.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. బడులకీ ఆఫీసులకీ ఏడాదికోసారి మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇస్తారు కదా, అందులో కీబోర్డు, మౌస్, యూపీఎస్ బ్యాటరీ అన్నీ రాస్తారు, ఈ నలభై రూపాయల సెల్ మాత్రం ఎక్కడా రాయరు. నాలుగైదేళ్లకు ఒకసారి మార్చాలని ఒక్క లైన్ చేర్చండి. వేలిముద్ర సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లకు ఇంకో మాట. 561 వచ్చిందంటే అవతల సర్వర్‌కి అసలు టైం ఎంతో తెలుసు, ఇవతల కంప్యూటర్ ఏ టైం పంపిందో కూడా తెలుసు. నంబరు మాత్రం పడేసి ఊరుకోకుండా "మీ కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉంది, సరిచేసి మళ్లీ ప్రయత్నించండి" అని తెలుగులో చూపిస్తే ఆపరేటర్ ఎవడైనా అర నిమిషంలో దిద్దుకుంటాడు. ఇంత చిన్న ముక్కకి ఏ కొత్త సర్వరూ కొననక్కర్లేదు.

మీ విలేకరి గారు ఈసారి ఎక్కడైనా సర్వర్ డౌన్ అనే మాట వింటే, ఫొటో తీసేటప్పుడు ఆ స్క్రీన్ కుడి మూల కూడా పడేలా తీయమని చెప్పండి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
తుని దగ్గర, కాకినాడ జిల్లా

తా.క.: తీసేసిన పాత సెల్ టేబుల్ మీద వదిలేయకండి. పనికిరాదని మనం అనుకున్నా దాంట్లో ఇంకా కరెంటు మిగిలే ఉంటుంది, చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. మింగారని అనుమానం వస్తే అరటిపండు పెట్టి చూద్దాం అని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నేను రెండు పక్కలా టేపు చుట్టి, డబ్బాలో వేసి, డబ్బా బీరువా పైన పెడుతున్నాను.